డిగ్రీ తర్వాత లా: కర్నూలు, అనంతపురం, కడప వాళ్ళలో ఎవరికి ఏ దారి నప్పుతుంది

బీఏ, బీకాం, బీఎస్సీ, బీటెక్, బీఫార్మసీ... ఏ డిగ్రీ చేసినా ఆ తర్వాత మూడేళ్ళ ఎల్ఎల్‌బీ చదవొచ్చు. సీటు దొరకడం మరీ కష్టమేమీ కాదు. అసలు కష్టం తప్పుడు దారి పట్టడంలో ఉంది. కడప కోర్టులో సివిల్ దావాలు నడపాలనుకునే మనిషి ఢిల్లీ ప్రవేశ పరీక్షల వెంటపడి ఏడాది పోగొట్టుకుంటాడు. బెంగళూరు కంపెనీలో లీగల్ ఉద్యోగం కావాలనుకునే అమ్మాయి ఇంటికి దగ్గరని ఊళ్ళో కాలేజీలో చేరిపోతుంది. కాబట్టి కాలేజీల పేర్లు చూడకముందే ఒక సంగతి తేల్చుకోండి: పట్టా చేతికొచ్చాక పని చేసేది ఏ ఊళ్ళో, ఎవరి కోసం? కింద చెప్పే ప్రతి దారినీ ఈ ప్రశ్న దగ్గర పెట్టుకుని చదవండి.

ముందు అర్హత

లా చదువునూ న్యాయవాద వృత్తినీ నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం డిగ్రీలో జనరల్ వాళ్ళకు 45 శాతం, ఓబీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. మార్కుల మెమోలో సీజీపీఏ మాత్రమే ఉంటే దాన్ని శాతంగా మార్చే సూత్రం మీ యూనివర్సిటీదే కావాలి. మీరు వేసుకున్న లెక్క కౌన్సెలింగ్‌లో చెల్లదు. ఆ కాగితం యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి ముందే తెచ్చి పెట్టుకోండి.

మన జిల్లాల్లో చాలామంది ఇరుక్కునేది ఓపెన్ డిగ్రీ దగ్గర. పది, ఇంటర్ పాసై, ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేసినవాళ్ళకు ఇబ్బంది లేదు. ఇంటర్ లేకుండా, అర్హత పరీక్ష రాసి నేరుగా ఓపెన్ డిగ్రీలో చేరినవాళ్ళు లాకు అర్హులు కారు. ఆ నిబంధనల్లో ఇది స్పష్టంగా ఉంది. 'ఫీజు కట్టండి, తర్వాత చూసుకుందాం' అని ఏ కాలేజీ అన్నా నమ్మొద్దు. అక్కడ దాటినా, న్యాయవాదిగా ఎన్‌రోల్ అయ్యే రోజున బార్ కౌన్సిల్ దగ్గర ఆగిపోతుంది. అప్పటికి మూడేళ్ళు గడిచిపోయి ఉంటాయి.

వయసు అడ్డం కాదు. రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష లాసెట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు. రిటైరై లా చదివేవాళ్ళూ ఉన్నారు. ఒకేసారి రెండు రెగ్యులర్ కోర్సులు చదవడం మాత్రం కుదరదు. ఎంబీఏలోనో ఎమ్మెస్సీలోనో ఉన్నవాళ్ళు అది ముగించుకుని రావాలి.

లాసెట్: ఇక్కడి కోర్టుల్లో పని చేసేవాళ్ళ దారి

ఏపీ లాసెట్ ఉన్నత విద్యామండలి తరఫున ఏటా జరుగుతుంది. 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, వర్తమాన వ్యవహారాలు 30, న్యాయ అభిరుచి 60. తప్పు జవాబుకు మార్కు తగ్గదు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలకూడదు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల షరతు లేదు. ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. తెలుగు మీడియంలో డిగ్రీ చేసినవాళ్ళకు ఇది చిన్న సౌకర్యం కాదు, ఎందుకంటే కింద చెప్పబోయే జాతీయ ప్రవేశ పరీక్షలు వేటిలోనూ తెలుగు లేదు.

సగం మార్కులు న్యాయ అభిరుచి భాగంలోనే ఉన్నాయి కనుక చదువు అక్కడ మొదలుపెట్టాలి. రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, రిట్లు, కోర్టుల అంచెలు, కాంట్రాక్టు చట్టం మొదటి సెక్షన్లు, టార్టులు (నష్టపరిహారం అడగదగ్గ సివిల్ తప్పిదాలు), నేరాల ప్రాథమిక సూత్రాలు వస్తే ఆ భాగం చేతిలో ఉన్నట్టే. ఇక్కడ ఒక జాగ్రత్త. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమ్ వచ్చాయి. పాత పుస్తకాల అంగట్లో చవకగా దొరికే గైడులో హత్యకు 302 అనే ఉంటుంది. ఇప్పుడది 103. మోసానికి పేరుపడిన 420 ఇప్పుడు 318లో ఉంది. అలాగని పాత చట్టాన్ని అవతల పారేయకండి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాల కేసులు పాత సెక్షన్ల కిందే నడుస్తున్నాయి, కోర్టుల్లో ఇంకా చాలా ఏళ్ళు నడుస్తాయి.

సీట్లలో 85 శాతం స్థానికులకు. కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు పాత జిల్లాలన్నీ తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ) పరిధే. అంటే నంద్యాల పిల్లవాడికి తిరుపతిలోనూ స్థానికతే. బీటెక్ బెంగళూరులోనో చెన్నైలోనో చేసినవాళ్ళకే తలనొప్పి. స్టడీ సర్టిఫికెట్లలో ఆ ఏళ్ళు రాష్ట్రం బయట పడతాయి కాబట్టి తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం, తల్లిదండ్రుల నివాస పత్రం ముందే సిద్ధం చేసుకోవాలి. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక మీసేవ చుట్టూ తిరిగితే పని కాదు. ఈడబ్ల్యూఎస్ పత్రం కూడా ఆ ఆర్థిక సంవత్సరానిదే కావాలి, పాతది తీసుకోరు.

ఎస్వీయూలో న్యాయశాస్త్ర విభాగం ఉంది. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీకి సొంత లా కాలేజీ ఉంది. కడపలో బసవరామ తారకం మెమోరియల్ లా కాలేజీ, కర్నూలు, అనంతపురం పట్టణాల్లో మరికొన్ని ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి ఒకసారి స్వయంగా వెళ్ళండి. ఈ ఏడాదికి బార్ కౌన్సిల్ అనుమతి ఉందా, ఎన్ని సెక్షన్లకు ఉందో అడగండి. సెక్షన్‌కు 60 మందే. లైబ్రరీలోకి వెళ్ళి ఏఎల్‌టీ (ఆంధ్రా లా టైమ్స్), ఏఎల్‌డీ (ఆంధ్రా లీగల్ డెసిషన్స్) తీర్పుల సంపుటాలు ఏ సంవత్సరం దాకా వస్తున్నాయో చూడండి. ఆ వరుస మధ్యలో తెగిపోయి ఉంటే కాలేజీ సంగతి అర్థమైనట్టే. విద్యార్థులు వాదనలు సాధన చేసే మూట్ కోర్టు హాలు తాళం తీసి చూపించమనండి. గోడ మీద బోర్డు కంటే ఇవే నిజం చెప్తాయి.

ఈ దారిలో పెద్ద లోపం ఆలస్యం. పరీక్ష వేసవిలో అయిపోతుంది. అనుబంధ గుర్తింపులు, అనుమతులు తేలకపోతే కౌన్సెలింగ్ నెలల తరబడి జరుగుతుంది. ఆ మధ్య కాలంలో కొందరు విసిగి మేనేజ్‌మెంట్ కోటాలో డబ్బు కట్టేస్తారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ ఉన్నవాళ్ళు ఆ పని చేయకూడదు. కన్వీనర్ కోటా సీటు వదులుకుంటే ఆ ఆశ కూడా పోయినట్టే.

మన జిల్లా కోర్టుల్లో వృత్తి చేయదలచినవాళ్ళకు ఈ దారే మంచిదని గట్టిగా చెప్పొచ్చు. కారణం భూమి. ఇక్కడి సివిల్ పనిలో పెద్ద పాలు పంపకాలు, హద్దు తగాదాలు, పాత క్రయపత్రాలే. భాగపరిష్కార (ఆస్తి పంపకాల) దావాలో ప్లైంటు, అంటే దావా పత్రం కింద రాసే ఆస్తి షెడ్యూలు చూడండి. సర్వే నంబరు, ఎకరా సెంట్లు, తూర్పున ఫలానా వారి మడి, పడమర బండ్ల బాట, ఉత్తరాన వంక, దక్షిణాన పోరంబోకు. ముప్ఫై ఏళ్ళ కిందట లేఖరి రాసిన దస్తావేజులో ఉన్న ఆ వంక ఇప్పుడు చదునై ఉంటుంది, ఆ మడి చేతులు మారి ఉంటుంది. రెవెన్యూ రికార్డుల్లో చూస్తే అడంగల్‌లో ఒక పేరు, వన్ బీలో మరో పేరు. ఆ చేతిరాత చదివి, ఊళ్ళో పెద్దమనిషిని తెలుగులో నాలుగు మాటలడిగి, హద్దు ఎక్కడ మారిందో పట్టుకోగలిగినవాడే ఇక్కడ పనికొస్తాడు. తెలుగు మీడియం బీఏ చదివినవాళ్ళు తమను తాము తక్కువ చేసుకుంటారు గానీ, ఈ పనిలో వాళ్ళే ముందుంటారు. ఇంగ్లీషు మాత్రం మొదటి సెమిస్టరు నుంచే పట్టుబట్టి నేర్చుకోవాలి. తీర్పులు, హైకోర్టు పని ఇంగ్లీషులోనే. రోజుకు ఒక సెక్షన్ ఇంగ్లీషు బేర్ యాక్ట్‌లో (వ్యాఖ్యానం లేని చట్టం పాఠంలో) చదివి, దాని అర్థం సొంత తెలుగులో రాసుకోవడం కంటే మంచి పద్ధతి లేదు.

బళ్ళారి, రాయచూరు, బెంగళూరు వైపు

గుంతకల్లు నుంచి బళ్ళారి, ఆదోని నుంచి రాయచూరు రైల్లో దగ్గర. కర్ణాటక స్టేట్ లా యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీల్లో మూడేళ్ళ ఎల్ఎల్‌బీకి సాధారణంగా ప్రవేశ పరీక్ష ఉండదు, డిగ్రీ మార్కుల మీదే సీటిస్తారు. లాసెట్ కౌన్సెలింగ్ కోసం కాచుకోలేనివాళ్ళకు, ఆదోని, గుంతకల్లు, రాయదుర్గం ప్రాంతాల నుంచి రోజూ వెళ్ళిరాగలవాళ్ళకు ఇది న్యాయమైన దారే. అక్కడ చదివినా ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అవ్వొచ్చు. పట్టా దేశమంతా చెల్లుతుంది. ఫీజులు వేరే రాష్ట్రం వాళ్ళకు ఎక్కువగా ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి. కర్ణాటక భూ చట్టాలు చదివి వస్తారు కాబట్టి మన రెవెన్యూ చట్టాలు విడిగా నేర్చుకోవాల్సి వస్తుంది.

ఇదే దారిలో ఒక గొయ్యి ఉంది. 'క్లాసులకు రానక్కర్లేదు, పరీక్షలకొస్తే చాలు' అని ఏజెంట్లు ఊరూరా తిరుగుతుంటారు. ఏ రాష్ట్రమైనా ఈ మాట విన్న చోట నిలబడకండి. నిబంధనల ప్రకారం ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. దూరవిద్యలో ఎల్ఎల్‌బీకి గుర్తింపే లేదు. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ కాలేజీలకు పంపిన సర్క్యులర్‌లో బయోమెట్రిక్ హాజరు, సీసీ కెమెరాలు పెట్టమంది. చదువుతూ ఉద్యోగం చేస్తున్నారా, మరో డిగ్రీ చదువుతున్నారా అని విద్యార్థి నుంచి డిక్లరేషన్ తీసుకోమంది. మీరు కర్నూలులో జీతం తీసుకున్న రోజునే బళ్ళారి క్లాసులో ఉన్నట్టు హాజరు పడితే, పీఎఫ్ ఖాతా ఒక్కటి చాలు ఆ అబద్ధం బయటపడడానికి. అది వెంటనే బయటపడాలని కూడా లేదు. న్యాయవాదుల పట్టాలను సరిచూడడానికి సుప్రీంకోర్టు 2023లో ఒక కమిటీనే వేసింది. పదేళ్ళు వృత్తి చేసి పేరు తెచ్చుకున్నాక, ఎవరో ఇచ్చిన ఫిర్యాదుతో మొత్తం పోగొట్టుకునే ప్రమాదం ఎందుకు?

ఉద్యోగం వదలలేనివాళ్ళు

సచివాలయ ఉద్యోగులు, టీచర్లు, బ్యాంకు వాళ్ళు ఎక్కువగా అడిగేది సాయంత్రం కాలేజీ గురించి. క్లాసులు ఉదయం 8 నుంచి రాత్రి 7 లోపే జరగాలన్నది నిబంధన. పగటి ఉద్యోగానికి, ఈ కోర్సుకు పొత్తు కుదరదు. శాఖ అనుమతితో దీర్ఘకాల సెలవు దొరికితే చేరండి. లేకపోతే ఆగండి. చట్టం తెలుసుకోవడమే మీ అవసరమైతే, ఇగ్నో వంటి చోట దూరవిద్యలో పారాలీగల్, మేధోసంపత్తి హక్కుల కోర్సులు ఉన్నాయి. ఉద్యోగంలో ఉండగానే చదువుకోవచ్చు. వాటితో కోర్టులో వాదించే హక్కు రాదు, అంతే.

ఢిల్లీ, బెంగళూరు, ఖరగ్‌పూర్

కార్పొరేట్ లీగల్ ఉద్యోగం, పెద్ద లా ఫర్మ్, హైకోర్టు, సుప్రీంకోర్టు వృత్తి కావాలంటే ఈ మూడు చూడాలి.

ఢిల్లీ యూనివర్సిటీ లా ఫ్యాకల్టీలో సీట్లు ఎక్కువ, ఫీజు తక్కువ. ప్రవేశం సీయూఈటీ పీజీ అనే జాతీయ ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా. 75 ప్రశ్నలు, ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి పోతుంది. జనరల్ వాళ్ళకు డిగ్రీలో 50 శాతం ఉండాలి, 45 సరిపోదు. ఇది తెలియక దరఖాస్తు ఫీజు పోగొట్టుకునేవాళ్ళు ఉన్నారు. హాస్టల్ సీట్లు బాగా తక్కువ కాబట్టి ఫీజు కంటే గది అద్దె, భోజనమే అసలు ఖర్చు. దాన్ని లెక్కేసుకునే బయల్దేరండి. ఈ ఖర్చుకు దక్కేది సుప్రీంకోర్టు, ఢిల్లీ హైకోర్టు న్యాయవాదుల దగ్గర ఇంటర్న్‌షిప్.

బెంగళూరు నేషనల్ లా స్కూల్ 2022లో మూడేళ్ళ ఎల్ఎల్‌బీ ఆనర్స్ మొదలుపెట్టింది. దాని సొంత ప్రవేశ పరీక్ష ఎన్‌ఎల్‌శాట్, నేషనల్ లా యూనివర్సిటీల ఉమ్మడి పరీక్ష క్లాట్‌కు వేరు. 150 మార్కుల్లో సగం బహుళైచ్ఛిక ప్రశ్నలు, సగం రాతపూర్వక జవాబులు. ఇంగ్లీషులో సూటిగా, తర్కంతో రాయడం రానివాళ్ళు రెండో సగంలో పడిపోతారు. అనంతపురం నుంచి దూరం తక్కువే గానీ ఖర్చు లక్షల్లో. విద్యారుణం తీసుకుంటే, పట్టా తర్వాత జిల్లా కోర్టులో మొదటి రెండు మూడేళ్ళ రాబడితో ఆ వాయిదాలు కట్టడం అసాధ్యం. కంపెనీ ఉద్యోగం చేసే ఉద్దేశం లేకుంటే ఈ అప్పు చేయకండి.

బీటెక్ వాళ్ళకు మరో చక్కటి చోటుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ లా స్కూల్‌లో మేధోసంపత్తి చట్టం ప్రధానంగా మూడేళ్ళ ఎల్ఎల్‌బీ ఉంది. ఫస్ట్ క్లాసు అడుగుతారు, సొంత పరీక్ష పెడతారు.

ఇంటర్ తర్వాత చేరే ఐదేళ్ళ లా కోర్సు మాట కూడా వస్తుంటుంది. క్లాట్‌కు వయోపరిమితి లేదు, ఇంటర్ మార్కులతో డిగ్రీ అయినవాళ్ళూ రాయొచ్చు. డిగ్రీ చేతిలో ఉండగా రెండేళ్ళు అదనంగా పెట్టడం చాలామందికి దండగ. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళ వయసుండి, ఇంట్లో తొందర లేక, పై వరుస నేషనల్ లా యూనివర్సిటీలో సీటు వస్తేనే ఆలోచించండి.

లా పట్టా లేకుండా చేసే పని

కొందరికి కావాల్సింది కోర్టు కాదు, చట్టంతో ముడిపడిన జీవనోపాధి. సైన్సు, ఇంజినీరింగ్ పట్టభద్రులు పేటెంట్ ఏజెంట్ (ఇతరుల తరఫున పేటెంట్ దరఖాస్తులు నడిపేవాళ్ళు) పరీక్ష రాయొచ్చు. పేటెంట్ల చట్టం 126వ సెక్షన్ ప్రకారం 21 ఏళ్ళు నిండిన భారత పౌరుడికి ఆ డిగ్రీ చాలు, ఎల్ఎల్‌బీ అక్కర్లేదు. పరీక్ష ఏటా క్రమం తప్పకుండా రాదు, నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచాలి. బీకాం వాళ్ళకు వ్యాపారుల తరఫున జీఎస్టీ రిటర్నులు వేసే జీఎస్టీ ప్రాక్టీషనర్ దారి ఉంది. ఆ పరీక్ష నిర్వహించే కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ నేసిన్ పెద్ద క్యాంపస్ మన గోరంట్ల మండలం పాలసముద్రంలోనే 2024 జనవరిలో మొదలైంది. ఈ పనులు చేస్తూ, నిలదొక్కుకున్నాక లాకు వచ్చినా ఆలస్యమేమీ కాదు.

పట్టా తర్వాత పడే ఖర్చు, కాలం

ఎన్‌రోల్‌మెంట్‌కు వేలకు వేలు కావాలని ఇంకా చెప్పేవాళ్ళున్నారు. రాష్ట్ర బార్ కౌన్సిళ్ళు జనరల్ వాళ్ళ దగ్గర 750, ఎస్సీ, ఎస్టీల దగ్గర 125 రూపాయలకు మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోకూడదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న తీర్పిచ్చింది. ఆ తర్వాత ఆల్ ఇండియా బార్ పరీక్ష పాసవ్వాలి. వంద ప్రశ్నలు, రాతలు లేని బేర్ యాక్టులు వెంట తీసుకెళ్ళొచ్చు, జనరల్, ఓబీసీలకు 45 శాతం పాస్ మార్కు.

ఈ దశలో చాలామందిని ఆపేది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, డిగ్రీలో పూర్తి ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకో వరుస. లాలో చేరేముందే అన్నీ పదో తరగతి మెమోకు సరిపోయేలా చేయించుకోండి. చదువు మానేసి ఏళ్ళు గడిచినవాళ్ళు ఆ మధ్య కాలానికి గ్యాప్ అఫిడవిట్ సిద్ధంగా ఉంచుకోవాలి. ఒరిజినల్ టీసీ పాత పీజీ కాలేజీలోనే ఉండిపోయిందేమో చూసుకోండి.

జడ్జి కావాలన్నది లక్ష్యమైతే కాలం లెక్క మారింది. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీసు మళ్ళీ తప్పనిసరి చేసింది. పట్టా తర్వాత కోచింగ్‌లో కూర్చుంటే ఆ కాలం లెక్కకు రాదు. ఎన్‌రోల్ అయిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. పదేళ్ళ అనుభవమున్న న్యాయవాది ధ్రువీకరించాలి, దాన్ని న్యాయాధికారి బలపరచాలి. అంటే మొదటి రోజు నుంచే నిజంగా కోర్టుకు వెళ్ళే సీనియర్ దగ్గర ఉండాలి. అందుకే మూడేళ్ళ కోర్సులో తప్పనిసరైన పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్‌ను సర్టిఫికెట్ కోసం ఎక్కడో ముగించకండి. ఒక్కో ఏడాదిలో వరుసగా నాలుగు వారాలకు మించి చేయనివ్వరు. ఆ మూడు విడతల్లో కనీసం రెండు, మీరు ప్రాక్టీసు పెట్టబోయే కోర్టులోనే చేయండి. వకాల్తా నింపడం, నకలు దరఖాస్తు పెట్టడం, వాయిదా తీసుకోవడం, గుమాస్తా కేసు కట్టలు ఏ వరుసలో కడతాడో చూడడం అక్కడే వస్తాయి. ఏ సీనియర్ జూనియర్లకు పని నేర్పిస్తాడో, ఏ సీనియర్ ఊరికే ఫైళ్ళు మోయిస్తాడో కూడా ఆ వారాల్లోనే తెలిసిపోతుంది.